అరవై కిలోల రాళ్లు, యాభై అయిదు కిలోల అమ్మాయి

నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, ఒక జూలై నెలాఖరున, తిరుపతిలో జరిగే అంతర్జాతీయ ఫుల్ కాంటాక్ట్ కరాటే పోటీలకు నాకు రెండు రోజుల డ్యూటీ వేశారు. అప్పుడు నేను చిత్తూరులో తూనికలు-కొలతల ఇన్‌స్పెక్టరును. బంగారుపాళ్యం మామిడి మండీల్లో సీజను తనిఖీలు అప్పుడే ముగిశాయి. కాళ్లు చాపుకుని కూర్చుందామనుకునేలోపు ఈ ఆర్డరు వచ్చింది. బరువు చూసే కాటాకు ప్రభుత్వ ముద్ర ఉండాలన్నది ఆ పోటీల నిబంధన. ఆడపిల్లల తూకం మూసిన గదిలో జరుగుతుంది కాబట్టి మహిళా అధికారినే పంపమని నిర్వాహకులు కోరారు. మా వైపు అప్పటికి ఉన్నది నేనొక్కదాన్నే.

ఫుల్ కాంటాక్ట్ అంటే దెబ్బ తగిలీ తగలకుండా ఆపే ఆట కాదు. చేతికి గ్లౌజులుండవు. పిడికిలితో ముఖం మీద కొట్టకూడదు గానీ, ఛాతీ మీద, పొట్ట మీద ఎంత బలంగా కొట్టినా తప్పు లేదు. కాలు తల దాకా లేపవచ్చు. అందుకే బరువును బట్టి వర్గాలు చేస్తారు. యాభై అయిదు కిలోల వర్గం అంటే యాభై అయిదు దాటకూడదు. దాటితే, తూకానికి ఇచ్చిన గడువు ముగిసేలోపు తగ్గి రావాలి. లేకపోతే ఎదుటి మనిషి ఆడకుండానే గెలిచినట్టు.

కాటాను చూడగానే నాకు నవ్వొచ్చింది. బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి అద్దెకు తెచ్చిన ప్లాట్‌ఫారం కాటా అది. ఎంత కడిగినా తోతాపురి వాసన పోలేదు. ఎక్కిన ప్రతి అమ్మాయీ ముక్కు ఎగబీల్చి, ఏమిటా వాసన అని అడిగింది. వాసనకు మా చట్టంలో అభ్యంతరం లేదు. నేలను సమం చేయించి, నా వర్కింగ్ స్టాండర్డ్ రాళ్లు, అంటే మా లేబరేటరీలో సరిచూసి ఇచ్చే తూకపు రాళ్లు, నాలుగు మూలలా పెట్టి చూశాను. ఒక్కొక్కటి ఇరవై కిలోలు. ఏ మూల పెట్టినా ఒకే అంకె చూపింది. సీసం ముద్ర వేసి తూకం మొదలుపెట్టించాను.

గంట సేపు ఏ గొడవా లేదు. తర్వాత లిథువేనియా నుంచి వచ్చిన రూటా అనే అమ్మాయి ఎక్కింది. కాటా యాభై అయిదు కిలోల నూట యాభై గ్రాములు చూపింది. ఆ అమ్మాయి దిగి మళ్లీ ఎక్కింది. అదే అంకె. ట్రాక్‌సూటు వేసుకుని బయటికి పరిగెత్తి వాళ్ల కోచ్‌ని పిలుచుకొచ్చింది. ఆయన ఆరడుగుల పైన ఉన్న మనిషి. చంకలో వాళ్ల సొంత కాటా ఉంది. పొద్దున తిరుచానూరు లాడ్జిలో దాని మీద యాభై నాలుగు కిలోల తొమ్మిది వందల యాభై వచ్చిందనీ, ముందు రాత్రి కూడా తక్కువే ఉండటంతో అప్పుడు ధైర్యంగా నేతి పొంగలి తిననిచ్చాననీ ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. పళ్లు తూచే కాటాతో మనుషుల్ని తూస్తారా అని కూడా అన్నాడు.

రూటాకు మొదటి ప్రత్యర్థి పలమనేరు అమ్మాయి హరిత. ఆమె తూకం అప్పటికే అయిపోయింది. తండ్రి మునిరత్నం పాడి రైతు. కూతురు పొద్దుటినుంచీ ఏమీ తినలేదని టిఫిన్ క్యారియర్‌తో వరండాలో కాచుకుని ఉన్నాడు. గొడవ సంగతి ఆయన చెవిన పడింది.

నేను ముద్ర చూపించి, వెళ్లండి అనవచ్చు. సాధారణంగా అదే చేసేదాన్ని. కానీ ఆ అమ్మాయి ముఖం చూస్తే అలా అనబుద్ధి కాలేదు. మూడు విమానాలు మారి, ఒక్క బౌటు కూడా ఆడకుండా తిరిగి వెళ్లాల్సిన పరిస్థితి ఆమెది. గదిలో అమ్మాయిలందరూ ట్రాక్‌సూట్లు వేసుకున్నాక కోచ్‌ను లోపలికి రమ్మన్నాను. నా రాళ్లు మూడు మా కాటా మీద పెట్టాను. సరిగ్గా అరవై. అవే మూడు రాళ్లు ఆయన కాటా మీద పెట్టించాను. యాభై తొమ్మిది కిలోల ఎనిమిది వందలు.

అయితే మీ రాళ్లే తప్పేమో, మా ఊళ్లో ఇది ఎప్పుడూ తప్పు చూపలేదు అన్నాడాయన. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాటా ఎక్కడ సరిచేశారని అడిగాను. వాళ్ల ఊళ్లోనే అన్నాడు. అప్పుడు నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణలో చెప్పిన పాఠం ఒకటి లీలగా గుర్తొచ్చింది. అంతవరకూ దాని అవసరం పడలేదు. ఎలక్ట్రానిక్ కాటా కొలిచేది భూమి లాగే బలాన్ని. ఆ లాగుడు ఉత్తరాన కొంచెం ఎక్కువ, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ కొంచెం తక్కువ. అక్కడ సరిచేసిన కాటా ఇక్కడ మళ్లీ సరిచేయకపోతే తక్కువే చూపుతుంది. నేను సగం చెప్పేసరికే కోచ్ నుదురు కొట్టుకున్నాడు. ఆయన బడిలో ఫిజిక్స్ మాస్టరట. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే ఇదనీ, తన సంచిలోని వస్తువుకు వర్తిస్తుందని తోచలేదనీ అంటూ పెద్దగా నవ్వాడు. రూటా నవ్వలేదు. ఆమెకు కావలసింది పాఠం కాదు, నూట యాభై గ్రాములు తగ్గడం.

గడువుకు ఇంకా ముప్పావు గంట ఉంది. నిర్వాహకుల కార్యదర్శి నన్ను పక్కకు పిలిచి, అంత దూరం నుంచి వచ్చిన పిల్ల, చూసీచూడనట్టు పోదామా అన్నాడు. కాటా చూపిందే చదువుతాననీ, నిబంధన సడలించడం చీఫ్ రిఫరీ పని గానీ నాది కాదనీ చెప్పాను. చీఫ్ రిఫరీ ఒప్పుకోలేదు.

ఇంతలో గది మూల కూర్చుని ఇదంతా చూస్తున్న హరిత లేచింది. బ్యాగులోంచి చెమట పట్టించే తన జాకెట్ తీసి రూటా చేతిలో పెట్టి, రమ్మని సైగ చేసింది. వాళ్లిద్దరికీ తెలిసిన భాష ఒక్కటీ లేదు. గుమ్మంలో మునిరత్నం అడ్డం వచ్చాడు.

"యాడికి పాపా? ఇడ్లీలు సల్లారిపోతా ఉండాయి."

"ఆ పిల్లకు దారి తెలీదు నాయనా. ఎండలో ఒక్కతే యాడ పరిగెత్తుతుంది?"

"నువ్వు కూర్సుంటే సాలు, ఒక రౌండు గెలిచినట్టే గదా. ఊరికే వచ్చేదాన్ని ఎందుకు పోగొట్టుకుంటావు?"

"నేను ఆరు నెలల నుంచి పాలు పితికేసి ప్రాక్టీసుకు పోయింది కూర్సోనీకి కాదు. తన్నులు తిన్నా సరే, ఆడాల."

మునిరత్నం నా వైపు తిరిగాడు. "సూడండి మేడమ్. మీరన్నా సెప్పండి."

ఆయన నాతో మాట్లాడుతుండగానే ఇద్దరూ బయటికి వెళ్లిపోయారు.

ఇద్దరూ స్టేడియం చుట్టూ పరిగెత్తడం కిటికీలోంచి కనిపించింది. తిరుపతి ఎండ గురించి చెప్పనక్కర్లేదు. మొదట హరిత ముందు, రూటా వెనక. కాసేపటికి హరిత వెనక చేరి తోస్తున్నట్టు పరిగెత్తసాగింది. మునిరత్నం గొణుక్కుంటూనే క్యారియర్ పట్టుకుని నీడలో నిలబడ్డాడు. మూడో చుట్టుకు, "మెల్లగా పాపా, కళ్లు తిరుగుతాయి" అని అరిచాడు. ఏ పాపను అన్నాడో తెలియలేదు.

గడువు ముగియబోతుండగా లోపలికి వచ్చారు. రూటా ఎక్కింది. యాభై అయిదు కిలోల యాభై గ్రాములు. ఆమె కళ్లు మూసుకుంది. హరిత ఒక్క నిమిషం ఆగమని నాకు చెయ్యి చూపింది. రూటా జడ చెమటతో తడిసి ముద్దయి ఉంది. దాన్ని విప్పి, పొడి తువ్వాలు చుట్టి, బర్రెదూడను తుడిచినట్టు గట్టిగా తుడిచింది. మళ్లీ ఎక్కించారు. అంకె కాసేపు ఊగి యాభై అయిదు దగ్గర నిలబడింది. నేను గట్టిగా చదివాను. రికార్డులో రాసుకున్నారు. రూటా దిగి హరితను ఎత్తి తిప్పేసింది.

మరునాడు వాళ్ల బౌటు చూడటానికి ఉండిపోయాను. అది నా డ్యూటీలో లేదు. మూడు నిమిషాల ఆట సమానంగా ముగిసింది. అదనపు సమయంలో రూటా తొడ మీద తన్నిన తన్నులకు హరిత ఎడమ కాలు లాగసాగింది. పడలేదు గానీ న్యాయనిర్ణేతల జెండాలన్నీ రూటా వైపే లేచాయి. ఇద్దరూ వంగి నమస్కరించుకున్నాక, హరితను నడిపించుకుంటూ మెట్ల దాకా తెచ్చింది రూటాయే.

మునిరత్నం కూతురి తొడ మీద ఐస్ పెడుతూ కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. "ఎట్టుండాది?" అని అడిగాడు. "నొప్పిగా ఉండాది నాయనా. ఇంగో నిమిషం ఇచ్చింటే కొట్టేసిందును" అంది హరిత. ఆయన ఐస్ కాస్త పక్కకు జరిపి, "అవును, సూసినా" అన్నాడు.

ఆ అమ్మాయి చేసింది మంచిదా, తెలివితక్కువదా అని నన్ను చాలామంది అడిగారు. తూచడానికి నా దగ్గర రాళ్లు లేవు. నా వృత్తికి సంబంధించి నేర్చుకున్నది మాత్రం చెప్పగలను. అంతకు ముందు తగాదా వచ్చినప్పుడు ముద్ర చూపించి మాట తెంచేసేదాన్ని. మనిషి నమ్మేది తను రోజూ వాడే కాటానే గానీ, నా సర్టిఫికెట్టును కాదు. మిగిలిన రెండేళ్లూ మండీలో ఎవరు ఫిర్యాదు చేసినా, మొదట వాళ్ల ఇంటి కాటా తెప్పించి, వాళ్ల చేతనే దాని మీద నా రాళ్లు పెట్టించాను. పని ఆలస్యమయ్యేది. పై అధికారికి వెళ్లే అర్జీలు మాత్రం తగ్గాయి.