చర్చి గడప బయట విడిచిన పాదం

కర్నూలులో కృత్రిమ అవయవాలు చేసే ఆ గదిలోకి పోగానే రబ్బరు అంటించే జిగురు వాసన, తడి పిండికట్టు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. షుగరు వల్ల పోయినేడు నా కుడికాలి వేళ్లూ సగం పాదమూ తీసేశారు. బల్ల మీద రెండు నమూనాలు పెట్టి, ఏది కావాలో చెప్పమ్మా అంటున్నారు. ఒకటి బూటు, దాని ముందు సగంలో వేళ్లకు బదులు మెత్తటి దిమ్మె. ఇంకోటి పిక్క దాకా పట్టీలతో బిగించుకునే ప్లాస్టిక్ తొడుగు. మా నాయన ఇలాంటి బల్ల ముందే కూర్చున్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

వేంపల్లె దగ్గర మా పల్లెలో డిసెంబరు వచ్చిందంటే వీధంతా చెనిక్కాయ పొట్టు ఎగిరేది, అమ్మ ఎండుకొబ్బరీ బెల్లమూ నింపి కర్జికాయలు వత్తుతుంటే ఆ నూనె వాసనకు చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్న పిల్లలం మధ్యలోనే లేచి వచ్చేసేవాళ్లం, పొద్దుగూకేదాకా మట్టిలో గీతలు గీసి కుంటాట ఆడేవాళ్లం. ఆ ఏడు నేను ఆడలేదు. నాయనకూ షుగరే, అరికాల్లో తుమ్మముల్లు దిగితే ఆయనకు తెలియనే లేదు. కాలు నల్లబడ్డాక సగం పాదం తీసేశారు. ఒంటికాలి మీద గెంతితే ఆ జబ్బు నాకూ వస్తుందని నా భయం.

నాయన కూలికి పోయేవాడే గానీ, తెల్లపంచె నలిగితే ఊరుకునేవాడు కాదు. బల్ల మీద పిక్క దాకా వచ్చే తొడుగు చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

"ఇది కట్టుకోని ఊర్లేకి పోతే అందురూ కుంటోడా అంటారు. బూటే ఇయ్యప్పా."

"పెద్దాయనా, నీ కాలికి స్పర్శ లేదు. ఇదైతే కాలి కొన మీద బరువు పడదు. బూటే కావాలంటే మాత్రం ఒక్క అడుగు కూడా ఉత్తకాలితో నడవాకు," అన్నాడు కాళ్లు చేసే ఆయన.

నాయన బుద్ధిగా తలూపాడు. తలూపడంలో మావాళ్లను మించినవాళ్లు లేరు.

ఇంట్లో అమ్మ పోరు పడలేక బూటుతోనే తిరిగేవాడు. చిక్కంతా చర్చి దగ్గరే. మావైపు చెప్పులు గడప బయట విడిచి లోపల చాప మీద కూర్చుంటాం. బూటుతో దేవుని మందిరంలోకి పోవడం ఆయన ఊహకే అందలేదు. పాస్టరుగారు బయటికొచ్చి, "బూటుతోనే రాన్నా, దేవుడేమీ అనుకోడు," అన్నా వినలేదు. ప్రతి ఆదివారం దాన్ని చెప్పుల వరసలో పెట్టి, గుడ్డ చుట్టిన సగం పాదంతో, నా భుజం పట్టుకుని ముందు వరస దాకా నడిచేవాడు.

క్రిస్మస్ పొద్దున ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకుంటే నేను తెరిచి చూశాను. నాయన కాలికింద చాప ఎర్రగా తడిసి ఉంది.

"నాయనా, రగతం," అన్నాను మెల్లగా.

కాలు చూసుకుని పంచె దాని మీదికి లాక్కున్నాడు. "నొప్పేం ల్యాదులే. మీయమ్మకు చెప్పాకు, పండగపూట ఏడుస్తాది."

నేను చెప్పలేదు. మధ్యాహ్నం అమ్మ కర్జికాయ చేతిలో పెడితే ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. వారం రోజులు, ఆయన కుంటుతూ లేచినప్పుడల్లా నేను బయటికి పోయేదాన్ని. ఆఖరికి వాసన పట్టి అమ్మే గుడ్డ విప్పేసరికి చీము మడమ దాటింది. మోకాలి కింద దాకా తీసేసినా నిలవలేదు. ఎండాకాలం రాకముందే నాయన పోయాడు. నేను ఆ రోజే చెప్పి ఉంటే బతికేవాడేమో అన్న భయం నన్ను ఇన్నేళ్లలో ఒక్కరోజూ వదల్లేదు.

ఇప్పుడా చర్చిలో చాపల్లేవు, టైల్సు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కర్జికాయలు బేకరీ నుంచి డబ్బాల్లో వస్తున్నాయి. కుంటాట ఆడిన వీధికి సిమెంటు పడింది. చెప్పులు మాత్రం ఇప్పటికీ గడప బయటే విడుస్తున్నారు.

బల్ల మీది రెండిట్లో నేను పిక్క దాకా వచ్చేదే చూపించి, చర్చిలోనూ దీన్ని విప్పనని చెప్పాను. అయినా ధైర్యం రాలేదు, నా కాలికీ స్పర్శ లేదు. పక్కన కూర్చున్న నా పదేళ్ల కూతురి చెయ్యి పట్టుకున్నాను.

"రోజూ సాయంత్రం నా కాలు చూడు పాపా. రగతం కనపడితే మీ నాయనకు చెప్పు. నేను వద్దన్నా చెప్పు."

"చెప్తామ్మా," అంది. దాని చెయ్యి చల్లబడింది. తొమ్మిదేళ్లప్పుడు నాకు పట్టిన భయాన్ని నా చేతులతోనే దానికి పెట్టాను. పెట్టక తప్పలేదు.