లోపలి కళ్ళ కుందేలు

మా చెల్లెలు బొమ్మల కార్ఖానాలో కుట్టుపని చేసేది. మెడపట్టీకి ఎప్పుడూ సూది గుచ్చుకుని తిరిగేది కాబట్టి అందరూ సూదిపిల్ల అనేవారు. గుడ్డబొమ్మను తిరగేసి కుడతారు. ముందే గుడ్డకు మంచివైపు కళ్ళు బిగించి, ఆ వైపు లోపలికి వచ్చేలా ముక్కలు కలిపి కుట్టి, వీపున వదిలిన సందులోంచి బొమ్మను బయటికి తిప్పుతారు. దూది కూరి సందు మూసేస్తే కుందేలు తయారు.

ఒకరోజు మా చెల్లెలు బుట్టెడు కుందేళ్ళకు కళ్ళు రెండోవైపు బిగించేసింది. తిప్పి చూస్తే ఒక్కదానికీ మొహం లేదు. మేస్త్రి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. నేనూ అక్కడే కత్తిరింపు బల్ల దగ్గర పనిచేస్తాను కాబట్టి నన్ను పిలిచారు. వెళ్ళేసరికి అది కుందేలులో చెయ్యి పెట్టి లోపలి కళ్ళు తడుముతూ కూర్చుంది.

"అక్కా, నేనూ ఇట్లాగే ఉన్నా. పైకి బాగానే కనిపిస్తా. లోపల ఎవరో నన్నే చూస్తుంటారు. రెప్ప కూడా వెయ్యరు."

ఉద్యోగం పోయింది. ఆస్పత్రిలో చేర్చాం. రాత్రీ పగలూ అమ్మే దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది. బయట మాత్రం, "కామెర్లు" అని చెప్పేది. కామెర్లకు అన్నాళ్ళు ఆస్పత్రేమిటని అడిగినవాళ్ళతో మాటలు మానేసింది.

ఇంటికొచ్చాక చెల్లెలు ఆ పాడైన కుందేళ్ళను మేస్త్రిని అడిగి తెచ్చుకుంది. మందులు వేసుకుంటూనే మంచం పక్కన పని మొదలుపెట్టింది. పైకి బొద్దు బుగ్గలు, మెడలో రిబ్బను, బుల్లి పాదాలు. దూది అంచుల్లోనే కూరి, నడుమ గుల్లగా వదిలేస్తుంది. వీపున సందు మూయదు. అందులో చెయ్యి పెడితే వరసగా గాజు కళ్ళు, వాటి కింద దువ్వెన పళ్ళతో చేసిన కోరలు. చూస్తే ఎత్తుకోబుద్ధేస్తుంది, తాకితే ఒళ్ళు జలదరిస్తుంది.

"ఇదేం పైత్యమే?" అన్నాను.

"పైత్యమే. దాచిపెడితే పెరిగింది. అందుకే తలుపు తీసి పెడుతున్నా."

 

ఊళ్ళో బొమ్మలు, చిత్రాలు ప్రదర్శించే హాలు ఒకటుంది. దాని యజమానురాలు ఈ కుందేళ్ళను చూసి ముచ్చటపడి, ఆహ్వానాలు కూడా పంచేసింది. తీరా బల్లల మీద సర్దాక ఒకదాంట్లో చెయ్యి పెట్టి కెవ్వుమంది.

"పిల్లలు కూడా వస్తారమ్మా. ఈ సందులు కుట్టేసెయ్. ముద్దుగా ఉన్నాయి, అంతవరకు చాలు కదా?"

"చాలదండీ. ముద్దుగా ఉంటే చాలని చిన్నప్పట్నుంచీ వింటున్నా. కుట్టమంటే తీసుకెళ్ళిపోతా," అని చెల్లెలు అట్టపెట్టె తెరిచింది. ఒక బొమ్మను పెట్టెలో పెట్టేసింది కూడా. కోలుకున్నాక అది నోరు తెరిచి కోరింది ఈ ప్రదర్శన ఒక్కటే. అదీ చేజారుతోందని నాకు ఏడుపొచ్చింది. కాస్త తగ్గవే అనబోయి, దాని మొహం చూసి మానేశాను.

మాతో వచ్చిన అమ్మ ఊరుకుంటుందా? "నలుగురూ ఏమనుకుంటారే? ఇటియ్యి, నేనే కుట్టేస్తా," అంటూ చెల్లెలి మెడపట్టీలోంచి సూది లాగి, మొహం లేని మొట్టమొదటి కుందేలును ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ కూడా ఒకప్పుడు అదే కార్ఖానాలో కుట్టింది. మిషను సూది దిగి చిటికెనవేలు వంకరపోయింది. సందు మూయాలంటే అంచులు లోపలికి మడవాలి, మడవాలంటే వేళ్ళు లోపలికి పోవాల్సిందే. అంతవరకూ ఒక్క బొమ్మలోనూ చెయ్యి పెట్టని అమ్మ, మొహం పక్కకు తిప్పుకుని వేళ్ళు పెట్టింది.

కళ్ళు తగిలి ముడుచుకుపోయింది. తర్వాత ఇంకేదో తగిలినట్టుంది, మణికట్టు దాకా దూర్చింది. 

"ఇందులో గుడ్డ చెయ్యి ఉందేమిటే?"

"ఆస్పత్రిలో ఉండేదిగా."

"చిటికెనవేలు వంకరగా ఉంది."

"నీదేనమ్మా."

అమ్మ సూదిని మళ్ళీ చెల్లెలి మెడపట్టీకి గుచ్చింది. యజమానురాలి వైపు తిరిగి, "మేం కుట్టం. పెడితే ఇట్లాగే పెట్టండి," అంది. ఆహ్వానాలు పంచేసి ఖాళీ బల్లలు చూపించుకుంటుందా ఆవిడ? గొణుక్కుంటూనే, పిల్లలకు అందని ఎత్తులో పెట్టించి ఒప్పుకుంది.

ప్రారంభం రోజున అమ్మ ఆ కుందేలు పక్కనే కుర్చీ వేసుకుంది. కామెర్ల గురించి గుచ్చి గుచ్చి అడిగిన మా వీధి టీచరమ్మ కూడా వచ్చింది. "ఏమిటండీ ఇది? ఇట్లాంటివి ఎందుకు చేస్తోంది మీ అమ్మాయి?" అని అడిగింది.

"అప్పుడు కామెర్లు కాదండీ. మా పిల్లకి మనసు బాగోక ఆస్పత్రిలో ఉంది," అంది అమ్మ, హాలంతా వినపడేలా. "చెయ్యి పెట్టి చూడండి. ముందు భయమేస్తుంది. తియ్యకండి, ఇంకొంచెం లోపలికి పెట్టండి."