ఎర్ర సున్నా పెట్టిన ఫొటో

2016 ఆగస్టులో నన్ను చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం చూసే క్లూస్ టీంకు ఫొటోగ్రాఫర్‌గా వేశారు. అప్పటికి నాది హెడ్ కానిస్టేబుల్ హోదా. ఏఎస్‌ఐగా రిటైరయ్యాను. నేరమో ప్రమాదమో జరిగిన చోటికి దర్యాప్తు అధికారి పిలిస్తే వెళ్లి వేలిముద్రలు, జాడలు, ఫొటోలు సేకరించే చిన్న బృందాన్ని క్లూస్ టీం అంటారు. సినిమాలు చూసి మా పని గురించి చాలామంది ఏవేవో ఊహించుకుంటారు కానీ, అందులో ఓపికకే తప్ప తెలివికి పెద్దగా పనిలేదు.

ముందు దూరం నుంచి నాలుగు దిక్కులా తీయాలి. తర్వాత మధ్య దూరం. చివరికి పక్కన స్కేలు పెట్టి దగ్గరగా. కెమెరా గడియారం సరిచూసుకోకుండా మొదటి ఫొటో తీయకూడదు. మసకగా వచ్చినా, పొరపాటున నా బూటే పడినా సరే, తీసిన ఫొటో చెరపకూడదు. కెమెరా ప్రతి ఫొటోకూ వరుస నంబరు వేస్తుంది. మధ్యలో ఒక్క నంబరు లేకపోతే కోర్టులో వకీలు మిగతావన్నీ వదిలేసి దాన్నే పట్టుకుంటాడు, ఆ లేనిదాంట్లో ఏముందని. అందుకే మెమరీ కార్డును సీలు చేసి పక్కన పెడతాం, కాపీ మీదే పని చేస్తాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా సర్వీసులో నాకు అన్నిటికన్నా కడుపు మండిన కేసు ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్లే పోయింది. అలవాటు లేనిది మా వాళ్లకు కాదు, సరదాకు ఫొటోలు తీసేవాళ్లకు.

చలికాలం వస్తే ఆదివారం పొద్దున్నే చేవెళ్ల, మొయినాబాద్ మధ్య రోడ్డు మీద కార్లు ఆగి ఉంటాయి. పొగమంచు, పూల తోటలు, చెరువు మీద కొంగలు. ఒక్కొక్కరి మెడలో వేలాడే కెమెరా చూస్తే మా డిపార్ట్‌మెంటు కెమెరా సిగ్గుతో చచ్చిపోవాలి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అన్ని సరంజామాలున్నా వాళ్లకు ఇంకో లెన్సు మీద మనసు. చేవెళ్లలో ఇనుము, సిమెంటు దుకాణం నడిపే నగేశ్ సేటు వీళ్లలో ఒకడు. మోకిల, శంకర్‌పల్లి దిక్కు వెంచర్లు లేచినప్పటి నుంచి వ్యాపారం బాగా సాగుతోంది, కెమెరా పిచ్చి కూడా దాంతో పాటే పెరిగింది. నేను పోలీసు ఫొటోగ్రాఫర్‌నని తెలిసి కనిపించినప్పుడల్లా చాయ్ తెప్పించి సలహా అడిగేవాడు.

“సార్, ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనాల్నా, ఉన్నదానికే మంచి లెన్స్ ఏసుకోవాల్నా? జర చెప్పుండ్రి.”

ఏదీ వద్దు, రెండు కార్డులు కొనుక్కో, ఇంట్లో ఒక హార్డ్ డిస్కు పెట్టుకో, తీసిన ఒరిజినల్ మాత్రం పారేయకు అనేవాణ్ని. సేటు మర్యాదగా తల ఊపేవాడు. ఉచితంగా వచ్చిన సలహాకు అంతకన్నా విలువ ఉండదు. తర్వాతి వారం కొత్త లెన్సుతో కనిపించేవాడు.

వీళ్లందరికీ ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు ఉండేది. దాన్ని నడిపే పెద్దమనిషిని గురూజీ అని పిలుచుకునేవారు. ఆ గ్రూపులో ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఫొటో పెడితే, మిగతావాళ్లు అందులో అందం చెడగొట్టే వస్తువు చుట్టూ ఎర్ర సున్నా గీసి తిరిగి పెట్టాలి. కరెంటు తీగ, చెత్త కవరు, పక్కన నిలబడ్డ మనిషి, ఏదైనా సరే. సున్నా పడ్డదాన్ని ఫొటో తీసినవాడు కంప్యూటర్లో మాయం చేసి మళ్లీ పెట్టాలి, పాతది తీసేయాలి. అప్పుడు చప్పట్ల బొమ్మలు కురుస్తాయి. సేటు తన ఫోన్‌లో ఈ తతంగమంతా నాకు చూపించేవాడు. మా పనిలో మసక ఫొటోను చెరిపినా మెమో ఇస్తారు. వీళ్లేమో పనిగట్టుకుని చెరుపుతారు, చెరిపినందుకు మెచ్చుకుంటారు. నవ్వి ఊరుకున్నాను. ఎవరి సరదా వాళ్లది.

మరుసటి ఏడు కార్తీక మాసంలో ఒక ఆదివారం పొద్దున మాకు పిలుపు వచ్చింది. మొయినాబాద్ వెళ్లే దారిలో మలుపు దాటాక ఒక మోపెడ్ పడి ఉంది. దాని పక్కన అంజయ్య. పక్క ఊరి పూల రైతు. చామంతి మూటలు బండికి రెండు వైపులా కట్టుకుని, మొయినాబాద్‌లో మార్కెట్ ఆటోకు ఎక్కించడానికి బయలుదేరాడు. మేం వెళ్లేసరికే ప్రాణం పోయింది. బండి రేకు మీద ఎక్కడా కొత్త గీత లేదు, రంగు అంటలేదు. కుడివైపు మూట మాత్రం పిగిలి, పూలు రోడ్డు మీద చాలా దూరం ముందుకు చిమ్మి ఉన్నాయి. పద్ధతి ప్రకారం అన్నీ తీశాను.

ఎస్సై కుర్రవాడు, చెడ్డవాడేమీ కాదు. పొగమంచులో బండి జారింది, సొంతగా పడ్డాడు అన్నాడు. అప్పటికే గుమిగూడినవాళ్లు నిద్రపోయి ఉంటాడని ఒకరు, పొద్దుగాల్నే కల్లు తాగి ఉంటాడని ఒకరు అనేస్తున్నారు. అంజయ్య భార్య యాదమ్మ ఆ మాటలు విని శవం దగ్గర నుంచి లేచి వచ్చింది.

“ఆయన పడలే సార్. ముప్పయ్యేండ్లాయె గీ తొవ్వల తిరగవట్టి. తాగి బండెక్కెటోడు కాదు. ఎవడో గుద్దిండు. మూటను గుద్దితె ఇనుము మీద ఏం గీత పడతది?”

మూటను తాకి పోతే రంగు అంటదు, నిజమే. కానీ చూసినవాళ్లు లేరు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సొంత పొరపాటు అని రాస్తే కేసు అక్కడితో ముగుస్తుంది. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టింది అని రాస్తే, బండి దొరక్కపోయినా ప్రభుత్వం నుంచి కుటుంబానికి పరిహారం అడిగే హక్కు ఉంటుంది. తాగి పడ్డాడన్న మాట కూడా పోతుంది. యాదమ్మకు డబ్బు కన్నా ఆ మాట పోవడమే ముఖ్యమని నాకు తర్వాత తెలిసింది.

ఓ పది రోజులకు సేటు దుకాణం ముందు నుంచి వెళ్తుంటే లోపలికి పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది. గ్రూపులో తన ఫొటోకు ఇన్ని చప్పట్లు ఎప్పుడూ రాలేదట, నగరంలో జరిగే పోటీకి కూడా పంపాడట. ఫోన్ నా చేతిలో పెట్టాడు. పొగమంచులో రోడ్డు, రోడ్డు మీద ఎదురుగా వస్తున్న మోపెడ్, రెండు వైపులా పసుపు పచ్చని చామంతి మూటలు. ఆ బండిని నేను అన్ని కోణాల నుంచీ తీసి ఉన్నాను. గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. ఎప్పుడు తీశావని అడిగితే ఆ ఆదివారమే అన్నాడు. మలుపుకు కొంచెం ఇవతల నిలబడి తీసి, దుకాణం తెరవాలని వెంటనే చేవెళ్లకు తిరిగి వచ్చేశాడు. మలుపు అవతల ఏం జరిగిందో అతనికి తెలియదు.

నా కళ్లు ఫొటో ఎడమ పక్కకు పోయాయి. అక్కడ పొగమంచు మరీ నున్నగా ఉంది. రోడ్డు పక్క ఒకే గడ్డి దుబ్బు మూడు చోట్ల అచ్చుగుద్దినట్టు ఉంది. ఒక చోటి ముక్కను తెచ్చి ఇంకో చోట అతికిస్తే అలా వస్తుంది. ఇక్కడ ఏముండేదని అడిగాను.

“టిప్పర్ సార్. ఎన్కనుంచి వస్తుండె. వెంచర్లకు మొరం కొట్టేటియి లేవా, గసొంటిది. గురూజీ ఎర్ర సున్నా పెట్టిండు, తీసేసిన. మంచిగ తీసిన గదా?”

నంబరు ప్లేటు కనిపించిందా అన్నాను.

“కనవడ్డది సార్, హెడ్‌లైట్ పక్కకు తెల్లగ మెరుస్తుండె. గందుకే చూపంత గాడికే పోతున్నదని తీసెయ్యమన్నడు.”

నంబరు గుర్తుందా అంటే నవ్వాడు, నంబరు ఎవరు చూస్తారు సార్ అని. ఒరిజినల్ ఏదంటే ఆ సాయంత్రమే చెరిపేశానన్నాడు. కార్డు ఫార్మాట్ చేసి, మర్నాడు బంధువుల పెళ్లిలో దాన్ని నిండా నింపేశాడు. గ్రూపులో పెట్టిన మొదటి ఫొటో ఆచారం ప్రకారం తీసేశాడు. అంజయ్య చనిపోయాడని నేను చెప్పాక సేటు పాపం అని చాలాసార్లు అన్నాడు. అడిగిందే తడవు కార్డు, మార్చిన ఫొటో ఫైలు నాకిచ్చి, ఎక్కడికి రమ్మన్నా వస్తానని మాట ఇచ్చాడు. ఆ మాటను నేను నమ్మాను.

కార్డులోంచి పెళ్లి తప్ప ఏమీ రాలేదు. పాతదాని మీద కొత్తది పడ్డాక ఏ సాఫ్ట్‌వేర్ తేలేదు. అయితే కెమెరా ప్రతి ఫొటో లోపల తపాలా బిళ్లంత నమూనా బొమ్మ ఒకటి దాస్తుంది. ఫొటోను ఎంత మార్చినా కొన్నిసార్లు ఆ నమూనా పాతదే మిగిలిపోతుంది. సేటు ఇచ్చిన ఫైలులో అది మిగిలింది. మోపెడ్ వెనక, ఎడమ పక్క, పెద్ద పసుపు ఆకారం. పెద్దది చేస్తే చుక్కలు తప్ప ఏమీ లేవు. నంబరు ప్లేటు ఉండాల్సిన చోట ఒక తెల్లని చుక్క.

నేను ఎస్సైకి చూపించాను. మీరు టిప్పర్ అని రాసేయండి, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు. రాయలేదు. పసుపు రంగు ఆకారం, వాహనం కావచ్చు, ఖచ్చితంగా చెప్పలేం అని రాశాను. కంటికి కనిపించనిదాన్ని కనిపించిందని సంతకం పెడితే, రేపు అదే సంతకంతో నిర్దోషిని లోపల వేయవచ్చు. ఆ రోజూ ఇదే అనుకున్నాను, ఇప్పుడూ ఇదే అంటాను. టిప్పర్ ఉందని చెప్పాల్సింది కళ్లారా చూసినవాడు.

ఆ కళ్లారా చూసినవాడు స్టేషన్‌కు వచ్చేలోపు పోటీలో అతని ఫొటోకు మొదటి బహుమతి వచ్చింది. ఆ పోటీకి ఒక నియమం ఉంది. ఫొటోలో ఉన్నది తీసేయకూడదు, లేనిది చేర్చకూడదు. అలా ఏమీ చేయలేదని సేటు ముందే సంతకం చేసి పంపాడు. వాంగ్మూలం ఇచ్చే రోజు నేనూ అక్కడే ఉన్నాను. సేటు నావైపు చూడలేదు. రోడ్డు మీద వేరే బండేదీ లేదని, తను వెలుతురు సరిచేయడం తప్ప ఫొటోలో ఏమీ ముట్టుకోలేదని చెప్పాడు. దుకాణంలో నాతో అన్న మాట గుర్తుచేస్తే నీళ్లు నమిలి, సార్ తప్పుగా అర్థం చేసుకున్నారన్నాడు. టిప్పర్ల వాళ్లు బెదిరించి ఉంటే నేను అర్థం చేసుకునేవాణ్ని. ఎవరూ బెదిరించలేదు. గోడకు తగిలించుకునే ఒక బహుమతి బిళ్ల కోసం అబద్ధం చెప్పాడు. గురూజీకి ఫోన్ చేస్తే, రోజూ ఎన్నో ఫొటోలకు సున్నాలు పెడతాం, ఏది ఎక్కడ గుర్తుంటుందన్నాడు. మర్నాటికి ఆ గ్రూపులో ఆ ఫొటో కింద ఉన్న మాటలన్నీ మాయమయ్యాయి. చెరపడం వాళ్లకు చేతనైన విద్య.

సొంత పొరపాటు అని కేసు మూసేశారు.

ఆ వేసవిలో ఇంకో పని మీద అంజయ్య ఊరికి వెళ్లాను. యాదమ్మ గుర్తుపట్టి, నీళ్లు తాగి పొమ్మని ఇంట్లోకి పిలిచింది. గోడ మీద అదే ఫొటో, పెద్దది, దండ వేసి ఉంది. కింద మూలన సేటు పేరు బంగారు రంగు అక్షరాల్లో. అంజయ్యకు ఇంట్లో వేరే మంచి ఫొటో లేదని తెలిసి సేటే తెచ్చి ఇచ్చాడట. ఇస్తుండగా ఇంకొకరితో ఫొటో తీయించుకుని అది కూడా గ్రూపులో పెట్టుకున్నాడట. వింటుంటే నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం సేటును తిట్టలేదు. ఫొటోలో మనిషి మంచిగ పడ్డాడని సంతోషపడింది.

“ఒక్కటే సమజ్ గాదు సార్. తొవ్వ ముంగట పెట్టుకొని గాయన ఎన్కకెందుకు చూస్తుండు? ఎన్క ఏమున్నదని?”

అప్పుడు చూశాను. అంజయ్య తల కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగి ఉంది. భయపడ్డ మనిషి చూపు. అన్ని రోజులూ ఆ ఫొటోలో నేను అతికించిన గడ్డి దుబ్బులను చూశాను, నున్నటి పొగమంచును చూశాను, నమూనాలో పసుపు చుక్కలు లెక్కపెట్టాను. మనిషి ముఖం చూడలేదు. వెనక టిప్పర్ ఉండె యాదమ్మా అన్నాను. ఆమె లేచి ఫొటో దగ్గరికి వెళ్లి, పొగమంచు మీద వేలు పెట్టి వెతికింది.

“మరి ఏది సార్, గిండ్ల లేదు గద?”

ఆఫీసుకు వచ్చి అనుబంధ నివేదిక రాశాను. నడుపుతున్న వ్యక్తి చూపు, నమూనా బొమ్మలో పసుపు ఆకారం ఉన్న వైపే ఉందని. దాన్ని మూసిన ఫైలులో కలిపారు. ఫైలు తెరవలేదు. తర్వాత టీంలోకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ స్కేలు కన్నా, గడియారం కన్నా ముందు ఒక మాట చెప్పాను. ఫొటోలో మనిషి ఉంటే అతను ఎటు చూస్తున్నాడో మొదట చూడాలి. అటువైపు ఏమీ లేకపోతే, అక్కడున్నదాన్ని ఎవరు తొలగించారో అడగాలి.