ముగ్గుపిండితో యాభై ఏళ్ల తర్వాతి ఊరు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కోడుమూరు దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. ఊళ్లకు వెళ్లి, జనాన్ని కూర్చోబెట్టి, వాళ్లచేతే నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించడం నా ఉద్యోగం. ఇల్లంటే ఒక చదరం, మనిషంటే ఒక చింతగింజ. దాన్ని నేను చార్టు మీదికి ఎక్కించి కర్నూలుకు పంపితే, అక్కడినుంచి ఇంకా పెద్దవాళ్ల దగ్గరికి పోయేది. వాళ్లు దాన్ని ఏం చేసుకునేవారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక ఏడు పైనుంచి కొత్త ఆదేశం వచ్చింది. ఉన్న ఊరు గీసింది చాలు, ఇకమీదట యాభై ఏళ్ల తర్వాతి ఊరు గీయించాలట. ముందు ప్రపంచం సంగతి చెప్పాలి: ఎండలు ముదురుతాయి, మంచుకొండలు కరుగుతాయి, సముద్రం పొంగి ఒడ్డునున్నవాళ్లు లోపలి ఊళ్లకు తరలిపోవలసి వస్తుంది. వరస కరువుల్లో ఉన్న ఒక ఊళ్లో, బడి ముందర నిలబడి, మంచుకొండలు కరగడం గురించి చెప్పాను. సిగ్గేసింది. కానీ జీతం తీసుకుంటున్నాను కదా.

అందరూ ఓపిగ్గా విన్నారు. చివర్లో ఒక ముసలాయన అడిగాడు.

"అంటే ఆ కోస్తావోళ్లు నీళ్లెక్కువై ఈడికొస్తారా?"

"రావచ్చు తాతా."

"మా ఊరికి?"

ఊరు ఊరంతా నవ్వింది. అక్కడినుంచి సుగ్గికని, దూరపు ఊళ్ల కూలిపనులకు, కుటుంబాలతో వలసపోవడమే తప్ప, బతకడానికి అక్కడికి వచ్చినవాళ్లు లేరు. "రానీ అప్పా, రానీ. కొళాయి కాడ ఎంతసేపు నిలబడాల్నో తెలిసొస్తాది" అన్నాడు తాత, మహా సంతోషంగా. వాళ్లను వరసలో ఎక్కడ నిలబెట్టాలని అరగంట చర్చ జరిగింది. అందరికన్నా చివర అని ఏకగ్రీవంగా తేల్చారు.

పటం మొదలైంది. ముందుగా ఒక కాలువ గీశారు. అది మా చేను పక్కనుంచి పోవాలంటే మా చేను పక్కనుంచని ఇద్దరు అన్నదమ్ములు పట్టుబట్టారు. కాలువ కింద భూమి కూడా పోతుందని ఎవరో గుర్తుచేయగానే, ఇద్దరూ దాన్ని అవతలివాడి చేలోకి తోయడం మొదలుపెట్టారు. పిండి సగమైపోయింది. రాని కాలువకోసం తమ్ముడు అన్నతో మాటలు మానేశాడు.

ఇక ఇళ్లకు గింజలు. ఇంకా పెళ్లికాని మనవళ్లకు పుట్టబోయే పిల్లల్ని కూడా లెక్కగట్టి పెడుతున్నారు. ఊరిచివరి ఇల్లు ఒక ఒంటరి అవ్వది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆ స్థలం మీద ఆమె మరిది కొడుక్కి ఎప్పటినుంచో కన్నుంది. ఆమె చదరం దగ్గరికి రాగానే అతను అరచేత్తో ముగ్గు చెరిపేశాడు.

"ఈడ బస్‌స్టాండు పెడదాం."

"నా ఇల్లు యాడ పోయిందిరా?" అంది అవ్వ.

"యాభై ఏండ్లకు నువ్వుంటావా పెద్దమ్మా?"

"నువ్వుంటావా?"

"నా మనవండ్లుంటారు" అన్నాడతను. జనం తలలూపారు. ఆమె తరఫున ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, జనం గీస్తున్నప్పుడు మనం వేలు పెట్టకూడదని శిక్షణలో చెప్పారు.

అవ్వ లేచి, కొంగు దోపుకుని, చెరిపినచోటే చదరం మళ్లీ గీసింది, మొదటిదానికన్నా పెద్దది. చేటలోంచి రెండు దోసిళ్ల గింజలు తెచ్చి అందులో పోసింది.

"ఇంతమంది యాడనుంచి వచ్చిరి?" అన్నాడు మరిది కొడుకు.

"సముద్రం కాడ మునిగినోళ్లు. ఆ యమ్మ చెప్పె కదా వస్తారని. మీరు కొళాయి కాడ నిలబెడ్తిరి. పండుకునేకి యాడ పోతారు? నా ఇంట్లో ఉంటారు."

అతను గింజలు తీసేయబోయాడు. "చెయ్యి పెట్టొద్దు. లోపల ఆడోళ్లు గూడా ఉండారు" అంది. అతను గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఉన్నదున్నట్టు చార్టు మీదికి ఎక్కించి పంపాను. వారంలో తిరిగొచ్చింది. ఒక్క ఇంట్లో ఇంతమంది ఎలా ఉంటారు, తప్పు సరిదిద్ది పంపండి అని ఎర్రసిరాతో రాశారు. జవాబు రాయొచ్చు. నేను రాయలేదు, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ ఇల్లు తీసేసి, స్కేలు పెట్టి చక్కగా బస్‌స్టాండు గీశాను. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.

మరుసటి నెల వెళ్తే అవ్వ గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

"ఏమ్మా, పటం పెద్దోళ్లు చూసిరా? నా ఇల్లు ఉండాదా?"

"ఉంది అవ్వా" అన్నాను.

"అదే చెప్పినా. నిన్న వాడొచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమనె. సర్కారు పటంలో ఉండాది పోరా అంటి. పోయినాడు."

నా మీద నాకే అసహ్యం వేసింది. నిజం చెబుదామని నోరు తెరిచాను.

"లోపలోళ్లంతా ఉండారు కదా?" అంది.

"అందరూ ఉన్నారు."

ఆమె ఒలవడం ఆపి, ఇంట్లో మూలనున్న ఒకే ఒక్క బిందెవైపు చూసింది.

"శానామందైరి" అంది దిగులుగా. "ఇంగో బిందె తేవాల."