చుక్కలా, గీతలా

ఈ పొద్దున తలుపు తీయగానే మందు వాసన కొట్టింది. పక్క చేనువాళ్లు వరికి పురుగు మందు కొడుతున్నారు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ మా ఆయనే గుర్తొస్తాడు. ఒకసారి ఎదురుగాలిలో మందు కొట్టి గట్టు మీదే కూలిపోయాడు. సూర్యాపేట దవాఖానలో బతికించారు గానీ చేతులకు పట్టుకున్న వణుకు మాత్రం ఆయన పోయేదాకా వదల్లేదు. ఇప్పుడు ఆ మందు ట్యాంకు నా కొడుకు శీను వీపు మీదికి వచ్చింది. ఆ వాసన వెంటే పద్మజ మేడం కూడా గుర్తొస్తుంది. నిరుడు ఎండల్లో మిర్యాలగూడలో, వాళ్ల అన్న ఇంట్లో గుండె ఆగి పోయింది. నేను చదివింది మూడో తరగతి. ఆ తరువాత నాకు కొత్తగా చూడటం నేర్పింది ఆమె ఒక్కతే.

కోదాడ అంచున, చేల పక్కనే ఉన్న మా ఇంటి మీది గది కిరాయికి తీసుకున్న కాలేజీ లెక్చరర్ ఆమె. ఒంటరి మనిషి. వచ్చిన మొదటి ఆదివారమే ప్రహరీ పక్క గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని కనబడింది. చెవి కమ్మ పడిపోయిందేమోనని నేను కూడా వంగి వెతకడం మొదలుపెట్టాను. ఆమె నోటి మీద వేలు పెట్టి, గడ్డిపోచ మీద వాలిన ఒక గోధుమరంగు పురుగును చూపించింది. బొద్దు ఒళ్లు, పెద్ద కళ్లు. ఎవరో విసిరేసినట్టు ఎగిరి ఇంకో పోచ మీద పడింది. స్కిప్పర్ అంటారట, అది కూడా సీతాకోకచిలుకేనట. రంగు లేదు, సోకు లేదు, దీనికోసం ఎండలో మాడతావా, పైన ఫ్యాను ఊరికే తిరుగుతోంది, పోయి కట్టేసి రా అని కసిరాను. పరుగున పోయి కట్టేసి వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది.

ఎక్కడెక్కడివాళ్లో ఆమెకు స్కిప్పర్ల ఫోటోలు పంపి పేరడిగేవాళ్లు. సాయంత్రాలు నేను మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే, ఆమె పక్కన చేరి ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూపేది. వెనక రెక్క కింద తెల్ల చుక్కలు తిన్నగా ఉంటే ఒక పేరు, వంపు తిరిగితే మరో పేరు. సగం ఫోటోలకు మాత్రం తెలియదనే జవాబిచ్చేది. నాకు ఒళ్లు మండి ఒకనాడు అడిగేశాను.

"గింత సదివి తెల్వదంటవ్. నీకు జీతమెట్ల ఇస్తున్నరే?"

ఆమె నవ్వింది. "రెక్క పైభాగమే పడ్డది పెద్దమ్మా. కింద సూడకుంట పేరు వెడితే, అది నేను వెట్టిన పేరైతది. దాని పేరు గాదు."

ఆ ఏడు వానాకాలం పంటలో వరి ఆకులు ముడుచుకున్నాయి. మా వైపు ముడుచుకున్న ఆకును ఎవరూ విప్పి చూడరు. ముడిచిందంటే ఆకుముడత పురుగే. ఒక చేనులో మందు కొట్టారంటే పొద్దు గూకేలోగా వరసగా అందరూ ట్యాంకులు ఎత్తుతారు, అక్కడి పురుగు తమ చేలోకి వస్తుందని భయం. శీను కూడా దుకాణంలో ఇచ్చిన రెండు మందులు తెచ్చి గట్టు మీద పెట్టాడు. వరి మీద వాలిన రెక్కల పురుగును వాడి ఫోనుతోనే తీయించి మేడంకు పంపించాను. రెక్క పైభాగమే పడింది, దీంతో చెప్పలేను అని జవాబొచ్చింది. నేను ఎగతాళి చేసిన ఆ మాటే అప్పుడు నాకు ఎదురొచ్చింది. వద్దని ఆపాక చేను తెల్లబారితే ఏడాదంతా ఏం తింటాం? ఆపకపోతే? ట్యాంకు బెల్టు పట్టుకుని నిలబడిపోయాను.

"నీకు బాపు యాదికొస్తుండని నాకెర్కనే," అన్నాడు శీను. "గట్లని భయపడి కూసుంటే పంట మిగులుతదా అమ్మా?"

ఇంతలో కాలేజీ నుంచి మేడం ఆటోలో వచ్చింది. కట్టుకున్న చీరతోనే బురదలో దిగింది. పురుగు రెక్కలు మూసేదాకా కదలకుండా నిలబడి ఫోటో తీసి, పెద్దది చేసి ఫోను నా చేతిలో పెట్టింది. ఆకుముడత రెక్క పసుపుగా ఉంటుందని, దాని మీద నల్లటి అలల గీతలు తప్ప చుక్కలుండవని చెప్పి, నన్నే చూడమంది. గోధుమ రెక్క మీద తెల్ల చుక్కలు వంపు తిరిగి ఉన్నాయి. చుక్కలే, చుక్కలే అన్నాను. నా సంబరాన్ని ఆమె సాగనివ్వలేదు.

"ఈ ఫోటోల ఉన్నది స్కిప్పర్. సేనంత గదేనని ఫోటో సెప్పదు పెద్దమ్మా. మడతలు ఇప్పుదాం పా."

పొద్దు వాలేదాకా ముగ్గురం చేనంతా తిరిగి ఆకులు విప్పాం. అక్కడొకటి ఇక్కడొకటి, తలకు రెండు వైపులా ఎర్రచార ఉన్న పచ్చ పురుగులే. అవి స్కిప్పర్ పిల్లలేనట. ఇంత కొద్దిగా ఉంటే మందు అక్కర్లేదని, అయితే రోజూ విప్పి చూడాల్సిందేనని చెప్పి వెళ్లింది. ఆ రోజుల్లో పొద్దున్నే మొదటి ఆకు మీద చెయ్యి వేయాలంటే భయమేసేది. ఆ భయంతోనే రోజూ విప్పాను. చేను చక్కగా ఈనింది. శీను ట్యాంకు కడిగి మెట్ల కింద బోర్లించాడు.

ఈ పొద్దున చేనుకు పోయిన శీను ఫోటోతో, పిడికెడు ముడుచుకున్న ఆకులతో తిరిగొచ్చాడు. పైనా కిందా రెండూ తీయడం వాడికిప్పుడు అలవాటు. అద్దాలు పెట్టుకున్నాను. ఎంత పెద్దది చేసినా చుక్క కనబడలేదు. పసుపు రెక్క, నల్లటి అలల గీతలు. ఆకులు విప్పితే లోపలంతా గీకేసి తెల్లగా ఉంది. చేనంతా తిరిగి విప్పి చూశాడట, ఎక్కడ చూసినా ఇంతేనట.

"నాకు గీతల్లెక్కనే కనవడుతున్నయి. నువ్ సెప్పు, సుక్కలున్నయా అమ్మా?"

ఉన్నాయి అంటే చాలు. వాడు నమ్ముతాడు, ట్యాంకు మెట్ల కిందే ఉండిపోతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. అడుగుదామంటే మేడం లేదు.

"లేవు బిడ్డా," అన్నాను. "గీతలే ఉన్నయి."

వాడి ముక్కూ నోరూ కప్పి కొత్త తువ్వాలు నేనే బిగించాను. గట్టు మీద పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటు పోతుందో చూసి, వాడికి ఎదురుగాలి తగలకుండా ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో చెప్పాను. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా వాడి వీపు మీంచి చూపు తీయలేదు.