రద్దు ప్రతిపాదనలో కవిగారి సంపుటి

నంద్యాల జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది వేసవిలో నన్ను ఆళ్లగడ్డ శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. హోదా గ్రేడ్-2 గ్రంథపాలకురాలు. రిటైర్మెంటు దగ్గరపడింది. నా పెన్షన్ కాగితాలు నంద్యాలలో పై అధికారి బల్ల మీద ఉన్నాయి. ఆయన సంతకం లేనిదే అవి కదలవు.

పుస్తకాల మధ్య బతికినంత మాత్రాన అన్నిటినీ ప్రేమించాలని ఎక్కడా లేదు. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు నాకు పడవు. తెల్లవారుజామున లేస్తే కోటీశ్వరులవుతారని రాసేవాళ్లు మాకు పాలు పోసే వెంకటమ్మను ఒకసారి చూడాలి. చారిత్రక నవలల్లో రాజులు నడవరు, వేంచేస్తారు. ఒక్కడికీ ఆకలి వేయదు. ఆత్మకథలు రాసే పెద్దమనుషుల జీవితాల్లో తప్పు చేసినవాడు ఎప్పుడూ ఎదుటివాడే. వంటల పుస్తకం ‘తగినంత ఉప్పు’ అంటుంది. ఆ తగినంత ఎంతో తెలిస్తే పుస్తకం ఎందుకు? డిటెక్టివ్ నవలలైతే హంతకుడెవరో పదో పేజీకే నాకు తెలిసిపోతుంది, ఇన్‌స్పెక్టరుకు మాత్రం చివరిదాకా తెలియదు. ఇక సొంత ఖర్చుతో అచ్చేసుకుని గ్రంథాలయాలకు దానమిచ్చే కవిత్వం ఉంది చూశారూ, దాని గురించి ఏం చెప్పినా తక్కువే.

మా వృత్తిలో ‘రద్దు’ అనే పని ఒకటుంది. బీరువాల్లో చోటు చాలనప్పుడు కొన్ని పుస్తకాలను లెక్కలోంచి తీసేసి తూకానికి అమ్ముతాం. తీయదగ్గవి రెండు రకాలు: బాగుచేయలేనంతగా చిరిగినవి, ఏళ్ల తరబడి ఎవరూ ఇంటికి తీసుకెళ్లనివి. శాఖ నుంచి ప్రతిపాదన పంపాలి, పై అధికారి ఆమోదించాలి.

ఆ ఏడాది ఆ పై అధికారే తనిఖీకి వచ్చి, డిటెక్టివ్ నవలల బీరువా తెరిచి ముక్కు మూసుకున్నారు. అట్టలు ఊడాయి, పేజీల మీద పచ్చడి మరకలు. ఈ చెత్తంతా రద్దులో పెట్టి, ఆ చోట మంచి సాహిత్యం సర్దమని ఆదేశించారు. మంచి సాహిత్యమంటే ఏదని నేను అడగలేదు. ఆయన కూడా కవే. ఆయన సంపుటి ప్రతులు మా శాఖకు ఏళ్ల కిందటే కట్టగా వచ్చాయి. ఆ కట్టకున్న పురికొసను కూడా ఎవరూ విప్పలేదు.

మాట ఊళ్లో పొక్కింది. మరునాడే సువార్తమ్మగారు వచ్చారు. మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, డిటెక్టివ్ నవలలను మంచినీళ్లలా తాగే పాఠకురాలు.

“ఏంది మేడం, మా బుక్కులు తూకానికేస్తాండారంట?”

పై నుంచి ఆదేశమని చెప్పాను.

“ఇంట్లో టీవీ కోడలిది. ఈడికొస్తే ఈ బుక్కులూ లేకపోతే నేనేం చదవాల, గోడలా?”

అసలు ఆ నవలల్లో ఏముందని అడిగాను.

“ఏమీ లేదు. ఉండాదని నేనెప్పుడన్నా చెప్పినానా?”

ఆ జవాబు నాకు నచ్చింది. ఆమె వెళ్లాక కోపం కూడా వచ్చింది. చదివి చదివి చిరిగినవి తూకానికి, చేయి పడనివి బీరువాకు అయితే దాన్ని గ్రంథాలయం అనడమెందుకు? ప్రతిపాదన రాయడానికి కూర్చున్నాను. చిరిగినవాటి కింద ఆయన చెప్పిన నవలలు రాశాను. ఎవరూ తీసుకెళ్లనివాటి కింద ఆయన కవితా సంపుటి రాశాను, ప్రతులన్నీ.

అటెండరు ఓబులేసు అది చూసి, “మేడం, మీ పెన్షన్ కాగితాలు ఆయప్ప దగ్గరుండాయి. యోచన చేసినారా?” అన్నాడు. చేశాను. భయం కూడా వేసింది. అయినా ఆ కాగితం అతని చేతికే ఇచ్చి నంద్యాల బస్సెక్కించాను.

కొన్నాళ్లకు ప్రతిపాదన మొత్తం తిరిగి వచ్చింది. ప్రస్తుతానికి ఏ పుస్తకాన్నీ రద్దు చేయనవసరం లేదని దాని మీద రాసి ఉంది. తన సంపుటిని ఒక్కదాన్నే ఆ జాబితాలోంచి కొట్టేస్తే కారణం రాయాల్సి వస్తుంది కదా! నవలలు బీరువాలోనే ఉండిపోయాయి. నా పెన్షన్ కాగితాలు మాత్రం నేను రిటైరయ్యాక కూడా చాలాకాలం ఆయన బల్ల మీదే నానాయి.

సంగతి విని సువార్తమ్మగారు ఆ పురికొస విప్పించి, ఒక ప్రతిని ఇంటికి తీసుకెళ్లారు. మరునాడు తెచ్చి నా ముందు పెట్టారు.

“కడదాకా చదివినా మేడం. ఎవురూ చావలేదు, ఎవురూ దొరకలేదు.”

గ్రంథపాలకురాలికి పుస్తకాల మీద గౌరవం లేకపోయినా గ్రంథాలయం నడుస్తుంది. ఆ అగౌరవం అన్ని పుస్తకాల మీదా, అధికారి పుస్తకం మీద కూడా, సమానంగా ఉంటే చాలు.