మూడు గడుల్లోనూ ఒకే పేరు

నార్త్ కరోలినాలో మా వీధి చివర ఒకాయన ఉండేవారు. నాకంటే ఆరేళ్ళ ముందే సిటిజన్ అయినవారు. శనివారం ఉదయాలు తమ ఇంటి మేడగదిలో తెలుగువాళ్ళకి సిటిజన్‌షిప్ పరీక్షకి కోచింగ్ ఇచ్చేవారు. జెండాలో గీతలెన్ని, సెనేటర్లెంతమంది, సుప్రీంకోర్టు పనేమిటి. ఎంసెట్‌కి రుబ్బించినట్టే రుబ్బించేవారు. అందరం ఆయన్ని మాస్టారనేవాళ్ళం. నేనూ ఆయన శిష్యురాలినే. ఇంటర్వ్యూలో ఆఫీసర్ అడిగినవాటికి ఒక్క తప్పు లేకుండా చెప్పి, గర్వంగా బయటికొచ్చాను. మా పిల్లల బడులు ఎవరి చేతిలో ఉన్నాయో మాత్రం నాకు తెలియదు. ఆయన చెప్పిన ప్రశ్నల్లో అది లేదు.

ఆ సంగతి నాకు చెప్పింది లైబ్రరీలో పనిచేసే ఒక తెల్లజుట్టు ఆవిడ. 2007లో ఓటరుగా రిజిస్టర్ చేయించుకోవడానికి వెళ్తే, చిన్నపిల్లల కోసం వేసిన చార్టు ఒకటి నా ముందు పరిచింది. యుద్ధం వాషింగ్టన్‌ది, డ్రైవింగ్ లైసెన్సు రాష్ట్రానిది, బడి మన జిల్లాలాంటి కౌంటీది, చెత్తబండి ఊరిది. మాస్టర్స్ చదివి, ఏడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న నేను, మూడో తరగతి పిల్లల చార్టు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాను. వచ్చే అక్టోబరులో మా ఊరి కౌన్సిల్ ఎన్నికలకి కొత్త పద్ధతి పెడుతున్నారని కూడా ఆవిడే చెప్పింది. ఒక్కరికే ఓటు వేయడం కాదు. మొదట ఎవరు కావాలి, వాళ్ళు కాకపోతే ఎవరు, వాళ్ళూ కాకపోతే ఎవరు అని మూడు గడుల్లో గుర్తు పెట్టాలి. ఎవరికీ ఓట్లు సగం దాటకపోతే వెనకబడ్డవాళ్ళని తీసేసి, వాళ్ళ ఓట్లని తర్వాతి ఇష్టానికి కలుపుతారు. మళ్ళీ ఇంకో ఎన్నిక అక్కర్లేదు. నాకు అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది.

సరిగ్గా ఆ వేసవి సెలవుల ముందే స్కూల్ బోర్డు మా కాలనీ పిల్లల్ని పక్కనున్న బడి నుంచి తీసి, బస్సులో నలభై నిమిషాల దూరంలో ఉన్న ఇంకో బడికి మారుస్తామంది. మాస్టారు వెంటనే మీటింగ్ పెట్టారు.

"చూడండీ, కింద లెవెల్లో మాట్లాడితే పని జరగదు. డైరెక్ట్‌గా టాప్‌కి ఎస్కలేట్ చేద్దాం. ప్రెసిడెంట్‌కి లెటర్ రాద్దాం" అన్నారు.

"అన్నయ్యగారూ, బడులు కౌంటీ బోర్డు చేతిలో ఉంటాయట కదా?" అన్నాను.

"అమ్మా, నువ్వు నిన్నగాక మొన్న సిటిజన్ అయ్యావు" అన్నారాయన.

గదంతా నవ్వింది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్న బాపతు జనం. అందరూ సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే రోత.

వారం తర్వాత మాస్టారి అమ్మాయి మా తలుపు కొట్టింది. ఏడో తరగతి.

"ఆంటీ, డాడీ లెటర్ రాంగ్ ప్లేస్‌కి వెళ్ళింది. మా సోషల్ స్టడీస్ టీచర్ చెప్పింది. బోర్డ్ మీటింగ్ ట్యూస్‌డే ఉంది. మీరు నాకు రైడ్ ఇస్తారా?"

"డాడీని అడిగావా?"

"అడిగాను. లోకల్ వాళ్ళతో మాట్లాడితే యూజ్ లేదు అంటాడు. మమ్మీ ఓకే చెప్పింది."

తీసుకెళ్ళాను. ఆ పిల్లకి మూడు నిమిషాలిచ్చారు. మైకు అందక మునివేళ్ళ మీద నిలబడింది. కొత్త బడికి బస్సు చేరేసరికి ఆర్కెస్ట్రా క్లాసు అయిపోతుందని, తను నాలుగేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోందని, తనలాంటివాళ్ళు ఆ బస్సులో ఇంకో ఐదుగురుంటారని చెప్పింది. వేదిక మీద ఒకాయన కాగితాలు తిరగేస్తున్నాడు. ఇంకొకాయన కళ్ళు మూతలు పడుతున్నాయి. ఒక్కావిడ మాత్రం తల ఎత్తి, "మీ స్టాప్ ఎక్కడ?" అని అడిగి రాసుకుంది.

బడి మార్పు ఆగలేదు. కానీ బస్సు అరగంట ముందు బయలుదేరేలా మార్చారు. అమ్మాయికి ఆర్కెస్ట్రా దక్కింది. అదే వారం వాషింగ్టన్ నుంచి మాస్టారికి జవాబొచ్చింది, మీ అభిప్రాయానికి ధన్యవాదాలని, కింద అచ్చు సంతకంతో. ఆయన దానికి అద్దం కట్టించి మేడగదిలో తగిలించారు. "చూశారా, పైనుంచి ఒక్క మాట వచ్చింది, బస్సు టైమ్ మారింది" అని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. సొంత కూతురు పక్కనే నిలబడి ఉంది. ఒక్కరూ ఆ పిల్ల వైపు చూడలేదు.

అక్టోబరులో ఓటు వేసి వస్తుంటే మాస్టారు పోలింగ్ జరుగుతున్న బడి మెట్ల మీద ఎదురయ్యారు. ముఖం వెలిగిపోతోంది.

"మూడు గడుల్లోనూ కౌన్సిల్‌కి నిలబడ్డ మనవాడి పేరే కొట్టానమ్మా. ట్రిపుల్ పవర్!"

"అలా లెక్కలోకి రాదండీ. ఆయన వెనకబడితే మీకిక ఓటే ఉండదు."

"నాకు చెప్తున్నావా?"

మా వార్డులో ఎవరికీ ఓట్లు సగం దాటలేదు. మాస్టారి మనిషి మొదటి లెక్కలోనే పోయాడు. అతనితో పాటు మాస్టారి ఓటూ పోయింది. మిగతావాళ్ళ రెండో ఇష్టాలు గెలుపు తేల్చాయి. ఆ సాయంత్రం నుంచే "ఇదంతా ఫ్రాడ్" అని మొదలుపెట్టారు.

ఆ పద్ధతి ఉంచాలా వద్దా అని ఊరి హాల్లో జనాభిప్రాయం అడిగినప్పుడు, మాస్టారు టై కట్టుకుని వెళ్ళారు. నేను వెనక వరసలో ఉన్నాను. "మా ఇమ్మిగ్రెంట్ కమ్యూనిటీకి ఇది చాలా కష్టం. మావాళ్ళకి అర్థం కాదు" అని ఇంగ్లీషులో వినయంగా విన్నవించుకున్నారు. ఆయన వెంట వచ్చినవాళ్ళు తలలూపారు. పగలంతా బ్యాంకుల సిస్టమ్‌లకి కోడ్ రాసేవాళ్ళు. ఒకటి, రెండు, మూడు అని వరసపెట్టడం తమ వల్ల కాదని ఒప్పుకుంటున్నారు! అహంకారం చాలక చేతగానితనం కూడా మా అందరి పేరనే రాయించారు.

నేను లేచాను. "నేనూ ఆ కమ్యూనిటీయే. నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. చెప్పేవాళ్ళుంటే వాళ్ళకీ అవుతుంది" అన్నాను. కూర్చున్నాను.

తర్వాతి ఎన్నికలకి ఊరు పాత పద్ధతికే వెళ్ళింది. మాస్టారి ఇంట్లో తలా ఒక వంటా తెచ్చుకునే పాట్‌లక్ విందులకి మమ్మల్ని పిలవడం మానేశారు. మా వారు రెండు నెలలు సణిగారు, వాళ్ళింటి గుత్తివంకాయ కోసం.

ఆ ఎన్నికలప్పుడు నేను సెలవు పెట్టి పోలింగ్ కేంద్రంలో పనికి కుదిరాను. పొద్దున ఆరున్నర నుంచి కూర్చున్నాను. ఓటర్ల పుస్తకంలో మా వీధివాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. సాయంత్రం మూసేలోపు వాటి ఎదుట మూడంటే మూడు సంతకాలు పడ్డాయి. మాస్టారిది వాటిలో లేదు. శనివారం కాకపోయినా ఆ రోజే ఆయన మేడగదిలో సిటిజన్‌షిప్ కోచింగ్‌కి కొత్త బ్యాచ్ మొదలైందని తర్వాత తెలిసింది.